సోమవారం మీటింగు

జూలై 3, గురువారం

విజయవాడ నుంచి శ్రీధర్ సార్ ఫోన్. కొత్తగా వచ్చిన మేనేజరు కదా, కొత్త ఉత్సాహం. "మేడమ్, మీ టీమ్ వాళ్ళు అసలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారా?" అని అడిగారు. చూసుకోవడం దేనికి... సాంబయ్య గారు నాగాయలంకలో రొయ్యల చెరువుల మీద, రఫీ గుడివాడ వైపు చేపల చెరువుల మీద, ఇక్కడ బందరు ఆఫీసులో నేను, ల్యాబ్‌లో దుర్గ. వాళ్ళు చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి పంపుతారు. దుర్గ పరీక్ష చేస్తుంది. ఏం తేలిందో నేను ఫోన్లో చెప్తాను. రెండేళ్ళుగా బండి ఇలాగే నడుస్తోంది.

ఇక ఇలా కుదరదట. ప్రతి సోమవారం అందరూ బందరు రావాలి. చెక్-ఇన్ మీటింగు పెట్టాలి. ఎలా పెట్టాలో ఒక పీడీఎఫ్ కూడా పంపించారు.

"సరే సార్" అని ఫోన్ పెట్టేసి దుర్గ ముందు విసుక్కున్నాను. దుర్గ నవ్వి ఊరుకుంది.

జూలై 5, శనివారం

పీడీఎఫ్ చదివాను. మీటింగు పొట్టిగా ఉండాలి. ఏం మాట్లాడుకోవాలో ముందే చెప్పాలి. గుండ్రంగా కూర్చోవాలి. ఫోన్లు పక్కన పెట్టాలి. అందరి చేతా మాట్లాడించాలి. అన్నిటికన్నా ముందు ఒక్కొక్కరినీ 'ఎలా ఉన్నారు' అని అడగాలి.

ముందు గదిలో కుర్చీలు గుండ్రంగా వేసి చూశాను. ఒకటి ఊగుతోంది. అది నాకే.

'ఎలా ఉన్నారు'... నన్ను ఎవరైనా అలా అడిగి ఎన్నాళ్ళయిందో. అమ్మ పోయిన కొత్తలో వీధి వీధంతా అడిగింది. ఏడాది దాటాక ఎవరడుగుతారు. అడగాలని నేను మాత్రం ఎందుకు అనుకోవాలి.

జూలై 7, సోమవారం

మొదటి మీటింగు. తలుచుకుంటేనే సిగ్గేస్తోంది.

సాంబయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. యాభై దాటిన మనిషి, పెళ్ళిచూపులకి వచ్చినట్టు కుర్చీ అంచున కూర్చున్నారు. రఫీ గుడివాడ నుంచి ప్యాసింజరులో దిగి, చెమట తుడుచుకుంటూ ఆయన పక్కన. దుర్గ గోడ వైపు.

"ఎలా ఉన్నారు సాంబయ్య గారూ?"

"బాగానే ఉన్నామండి."

"రఫీ?"

"బానే ఉన్నా మేడమ్."

"పనిలో ఇబ్బందులేమైనా?"

"ఏం లేవండి."

ముగ్గురివీ ముక్తసరి మాటలే. నేను కాగితంలో రాసుకున్నవన్నీ చదివాను. తలలూపారు. గోడ గడియారం చప్పుడు అందరికీ వినపడుతోంది. "అయితే ఇక వెళ్ళొస్తామండి" అని సాంబయ్య గారే లేచారు, నా మీద దయ తలచి.

తర్వాత వరండాలోకి వెళ్ళాను. కింద టీ బడ్డీ దగ్గర ముగ్గురూ. రఫీ చేతులు తిప్పుతూ ఎవరినో అనుకరిస్తున్నాడు. దుర్గ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. సాంబయ్య గారు గ్లాసు పట్టుకుని ఏదో గట్టిగా వాదిస్తున్నారు — పైన కూర్చున్న ఆ మనిషేనా ఈయన? మాట వినపడదు, గాలికి నవ్వులొక్కటే పైకి వచ్చాయి. అసలు మీటింగు అక్కడ జరుగుతోంది.

దిగి వెళ్దామా అనుకున్నాను. వెళ్తే ఆగిపోతుంది. అది తెలుసు గనక వెళ్ళలేదు.

జూలై 8, మంగళవారం

దుర్గ సెలవు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను మాట్లాడింది కొరియర్ అతనితో. "ఇక్కడ సంతకం" అన్నాడు. "సరే" అన్నాను.

జూలై 14, సోమవారం

ఈసారి కాగితం పట్టుకోలేదు. 'ఎలా ఉన్నారు' అనీ అడగలేదు. టీ పైకే తెప్పించాను. కుర్చీలు ఎటు పడితే అటు. అందరి చేతుల్లోకీ గ్లాసులు వచ్చాక, "ఈ వారం మిమ్మల్ని బాగా ఏడిపించిన రైతెవరు?" అన్నాను.

రఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఉన్నాడండీ మా వైపు ఒకాయన. మన పరీక్షల మీద నమ్మకం లేదు ఆయనకి. ఒకే చెరువు నీళ్ళు రెండు సీసాల్లో పట్టి, ఒకటి ఆయన పేరునా ఇంకోటి వాళ్ళ బావమరిది పేరునా పంపిచ్చాడండీ. బావమరిదికి చెరువే లేదు!"

దుర్గ ఒక్కసారి లేచి నిలబడింది. "అదా సంగతి! రెండూ ఒకేలా వచ్చినయ్యని నేనేదో తప్పు చేశాననుకుని మూడుసార్లు చేశానయ్యా బాబూ!"

నవ్వీ నవ్వీ నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నేనూ నవ్వాను — వాళ్ళతో పాటు, అదే గదిలో. సాంబయ్య గారు అందుకుని తన రైతుల సంగతులు మొదలుపెట్టారు. ఎవరు మేత ఎక్కువ వేస్తున్నారో, ఎవరి చెరువు నీరు రంగు మారిందో — ఫోన్లో నేను అడిగితే 'అంతా బాగానే ఉందండి' అని తేల్చేసే సంగతులన్నీ ఒక్కొక్కటీ బయటికొచ్చాయి.

ఒకటే చిక్కు. ఒకరు మాట ఎత్తుకోగానే ఇంకొకరి జేబు మోగుతుంది. లేచి వరండాలోకి వెళ్ళడం, తిరిగొచ్చేసరికి మాట చల్లారిపోవడం.

జూలై 15, మంగళవారం

అమ్మ పూలసజ్జ ఆఫీసుకి తెచ్చాను. ఇంట్లో ఖాళీగానే ఉంటోంది. వచ్చే సోమవారం అందరి ఫోన్లూ దాంట్లో.

జూలై 20, ఆదివారం

పొద్దున్నే పులిహోర కలిపి చూశాను, ఉప్పూ పులుపూ సరి చూసుకోవడానికి. రేపు తెల్లవారుజామున లేచి మళ్ళీ కలపాలి. వాళ్ళు పొద్దున చెరువుల మీద తిరిగి, అక్కణ్ణుంచి అటే బస్సో రైలో ఎక్కి వస్తారు. ఏమైనా తిన్నారో లేదో అడిగే దిక్కు ఉండదు.

కింద వాటాలో ఉండే ఫాతిమా గారు — ఇల్లు వాళ్ళదే — మెట్ల దగ్గర ఆపారు. "పోపు వాసన గుమగుమలాడిపోతోంది సుజాతమ్మా. చుట్టాలా?"

"కాదండీ, ఆఫీసు మీటింగు."

"మీటింగుకి పులిహోరా!" అని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఒక గిన్నెడు ఇచ్చి వచ్చాను.

జూలై 21, సోమవారం

ఇది రాయాలి. మంచి రోజులు తక్కువ, వాటిని రాసుకోకపోతే ఎలా.

ఫోన్లు సజ్జలో పెట్టమంటే రఫీ వెంటనే పెట్టేశాడు. సాంబయ్య గారు చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు. "రైతు ఫోన్ చేస్తే ఎత్తాలి కదండీ మేడమ్ గారూ."

"గంటే కదా సాంబయ్య గారూ."

శబ్దం రాకుండా నొక్కి సజ్జలో వేశారు. సజ్జ తీసుకెళ్ళి లోపల ల్యాబ్‌లో బీరువా మీద పెట్టాను.

మాట ఎక్కడా తెగలేదు. నాగాయలంక సీసాలు బస్సులో ఎండకి కాగిపోయి వస్తున్నాయని దుర్గ ఎన్నాళ్ళ నుంచో గొణుగుతోంది. ఇవాళ ఎదురుగా చెప్పింది. సాంబయ్య గారు మొహం ముడుచుకోబోయారు. ఇంతలో రఫీ, "నేను చేపల బాక్సులో ఐసు వేసి పంపిస్తానండీ. మీక్కూడా ఒకటి తెచ్చిస్తా బాబాయ్" అన్నాడు. బాబాయ్ అన్నాక ఇంకేం మొహం ముడుచుకుంటారు. అయిపోయింది, ఏడాది నాటి తగాదా. పీడీఎఫ్‌లో ఈ 'బాబాయ్' ఎక్కడా లేదు.

తర్వాత పులిహోర. సాంబయ్య గారు రెండోసారి అడిగి వేయించుకున్నారు. పన్నెండు దాటినా ఎవరూ లేవలేదు. రఫీ కూతురు బళ్ళో పద్యం చెప్తూ ఎక్కడ ఆగిపోయిందో, సాంబయ్య గారి భార్య మోకాళ్ళకి ఏ తైలం రాస్తోందో — అన్నీ తెలిశాయి నాకు. ఇంటికి నడిచి వస్తుంటే కోనేరు సెంటరులో ఊరికే నవ్వుకున్నాను. ఎవరైనా చూసి ఉంటే పిచ్చిదనుకుంటారు. అనుకోనీ.

జూలై 23, బుధవారం

ఇంకా బుధవారమే.

జూలై 25, శుక్రవారం

శ్రీధర్ సార్ మెచ్చుకున్నారు. ఫలితాలు సరిగ్గా వస్తున్నాయట, రైతుల ఫిర్యాదులు తగ్గాయట. మన మీటింగుని మిగతా బ్రాంచీల వాళ్ళకి చూపించాలి అన్నారు. సంతోషమే. కానీ నేను సోమవారం కోసం ఎదురుచూసేది ఫలితాల కోసం కాదని ఈ పేజీకి చెప్తే నష్టం లేదు.

ఇల్లు తాళం తీస్తే నా చెప్పుల చప్పుడు నాకే వినపడుతుంది. అమ్మ ఉన్నప్పుడు టీవీ ఎప్పుడూ మోగుతుండేది. చెవుడు వచ్చాక ఇంకా గట్టిగా. ఎంత విసుక్కునేదాన్నో. ఇప్పుడు టీవీ పెడితే అందులో వాళ్ళు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు.

జూలై 28, సోమవారం

చక్రపొంగలి. కొంచెం ఇగిరింది, ఎవరూ అనలేదు.

పని మాటలు తొందరగా తేలిపోయాయి. రఫీ గడియారం చూసి, "ప్యాసింజరు అందుకుంటే..." అని లేవబోయాడు. "ఇంకొక్క విషయం" అన్నాను. ఇంకొక్క విషయం ఏమీ లేదు. వచ్చే నెల సెలవుల సంగతి ఎత్తాను, నోటికి వచ్చింది అదే. సాంబయ్య గారు రఫీ మోకాలి మీద చెయ్యి వేసి "కూర్చోవోయ్" అన్నారు. దుర్గ సాంబయ్య గారి వైపు ఒక చూపు చూసింది. ఏం చూపో.

ఏమైతేనేం, కూర్చున్నారు.

ఆగస్టు 2, శనివారం

ముసురు. బట్టలు ఆరడం లేదు. రేపు రాత్రి మినప్పప్పు నానబోయాలి... గారెలు వేస్తే? మీటింగుకి గారెలంటే మరీ ఎక్కువవుతుందేమో. పులిహోరే.

ఆగస్టు 4, సోమవారం

వరసగా రాస్తాను.

పొద్దుటి నుంచీ మబ్బు. సాంబయ్య గారు వస్తూనే, "ఇవాళ తొందరగా పంపించండి మేడమ్ గారూ, మబ్బు పట్టింది" అన్నారు. మబ్బు పట్టిన రోజు చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. రొయ్యకి ఊపిరి ఆడదు. చెరువుల్లో నీళ్ళు చిలికే ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతుండాలి. ఇది నాకు తెలియదా? ఈ పనిలో మొట్టమొదట నేర్చుకునేది ఇదే. సరేనన్నాను. సజ్జ లోపల పెట్టాను.

మాటలు పదిన్నరకల్లా అయిపోయాయి. ఏమీ మిగల్లేదు. అప్పుడు నేను డబ్బా తీశాను. "తిని వెళ్దురు గాని, ఎంతసేపు" అన్నాను. విస్తళ్ళు వేశాను. రఫీ కూతురు ఈసారి పద్యం పూర్తిగా చెప్పిందట, రఫీ అది చెప్తుంటే మళ్ళీ అడిగాను, మళ్ళీ చెప్పాడు. ఒకసారి సాంబయ్య గారు కిటికీ వైపు చూశారు. నేను చూడనట్టు ఊరగాయ వడ్డించాను.

దుర్గ సజ్జ తెచ్చేసరికి పదకొండున్నర దాటింది. సాంబయ్య గారు ఫోన్ చూసి కదల్లేదు. తెర నిండా ఒకటే పేరు, వరసగా. వెంకటరత్నం గారు, నాగాయలంకలో సాంబయ్య గారు చూసే చెరువుల రైతు.

నిలబడే ఫోన్ చేశారు. "ఎప్పుడండీ?" అన్నారు. తర్వాత "జనరేటరు?" తర్వాత చాలాసేపు విన్నారు. "పౌడరు మా ఇంట్లోనే ఉందండీ... మా ఆవిడనడిగితే..." అని ఆగిపోయారు.

కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. జనరేటరు స్టార్టవలేదు. అలాంటప్పుడు చల్లే ఆక్సిజన్ పౌడరు సాంబయ్య గారి ఇంట్లో బస్తాలు బస్తాలుగా ఉంది. ఒక్క మాట చెప్పుంటే ఆవిడ తీసిచ్చేది. ఆ ఒక్క మాటకి ఫోన్ బీరువా మీద, అమ్మ పూలసజ్జలో ఉంది.

దుర్గ స్కూటీ మీద ఆయన్ని బస్టాండులో దింపి వచ్చింది. విస్తళ్ళు అలాగే ఉన్నాయి. నేనే తీశాను.

ఆగస్టు 5, మంగళవారం

రఫీ ఫోన్ చేశాడు. "చెరువంతా తేలిపోయిందండీ మేడమ్. రొయ్య మొత్తం పోయింది." 

సాంబయ్య గారు ఫోన్ ఎత్తడం లేదు.

ఆగస్టు 6, బుధవారం

శ్రీధర్ సార్. "ఆ రోజు మీటింగు ఎంతసేపు జరిగింది మేడమ్?"

చెప్పాను.

"అంతసేపు ఏం మాట్లాడుకున్నారు?"

ఫోన్లు తీసుకున్నది నేనేనని, సాంబయ్య గారు ముందే వద్దన్నారని, వెళ్తానంటే నేనే ఆపానని చెప్పాను. ఎందుకు ఆపానో చెప్పలేదు. దానికి ఏ కాలమ్‌లో ఏం రాస్తారు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. దుర్గ సెలవు. నేను నాగాయలంక బస్సెక్కాను. చల్లపల్లి దాటాక బస్సు నిండా పట్టుచీరలు, పూలవాసన, తాంబూలం సంచులు. పక్కనావిడ "ఎక్కడికండీ పేరంటానికా?" అంది. తలూపాను.

సాంబయ్య గారు బస్టాపులో బండి పెట్టుకుని నిలబడ్డారు. వస్తున్నానని మెసేజ్ పెట్టాను గానీ వస్తారనుకోలేదు. చెరువు దాకా తీసుకెళ్ళారు. అక్కడ రోడ్డు మీదే బండి ఆపి, "మీరెళ్ళండి. నన్ను గట్టు ఎక్కొద్దన్నారు" అన్నారు.

పన్నెండేళ్ళుగా రోజూ నడిచిన గట్టు అది ఆయనకి.

ఒక్కదాన్నే నడిచాను. సున్నం చల్లారు, అయినా వాసన. వెంకటరత్నం గారు లుంగీ దించి ఎదురొచ్చారు. "మీరెందుకండీ ఇంత దూరం, పండగ పూట" అని కుర్చీ తెప్పించారు. బొండాం కొట్టించారు. అంత మర్యాద చేస్తుంటే ముందు బొండాం సగం తాగాను. చివరికి చెప్పాను. ఫోన్లు నేనే తీసి పక్కన పెట్టించానని, సాంబయ్య గారి తప్పు లేదని.

"అలాగాండీ" అన్నారు. చెరువు వైపు చూస్తూ, "ఇంకో ఇరవై రోజులాగితే పట్టేవాళ్ళమండీ" అన్నారు. అంతే. బొండాం పూర్తిగా తాగేదాకా నిలబడి, రోడ్డు దాకా సాగనంపారు. రోడ్డు మీద ఉన్న సాంబయ్య గారి వైపు చూడలేదు.

తిరిగి బస్టాపు. బస్సు రాలేదు. సాంబయ్య గారు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నిలబడ్డారు.

"ఒక మాట అడగనాండీ, ఏమీ అనుకోకుండా."

"అడగండి."

"పని మాటలు ఎప్పుడో అయిపోయినయ్యి కదండీ ఆ రోజు."

నేను రోడ్డు చివరికి చూశాను, బస్సు వస్తుందేమోనని.

"మాకు తెల్సండీ" అన్నారు ఆయనే. "ఇంటికెళ్తే ఆవిడకి పలకరించే మనిషి లేడు, ఇంకో గంట కూర్చుంటే మనదేం పోయిద్దిలే అనుకునేవాళ్ళం. రఫీకి నేనే చెప్పా, లేవమాకరా అని. ఆ రోజు కూడా లేచి ఎళ్ళిపోవాల్సిందమ్మా. మొహమాటపడ్డా. తప్పు నాది."

మేడమ్ గారూ అనలేదు. అమ్మా అన్నారు.

బస్సు వచ్చింది. ఎక్కాను. వెళ్ళొస్తానని చెప్పానో లేదో గుర్తు లేదు.

ఆగస్టు 9, శనివారం

తల కొట్టేసినట్టుంది.

వాళ్ళు నవ్వింది, రెండోసారి వేయించుకున్నది, పన్నెండు దాటినా లేవనిది... నేను మీటింగు బాగా పెట్టడం నేర్చుకున్నాననుకున్నాను. పీడీఎఫ్ రాసిన వాడి కన్నా నాకే ఎక్కువ తెలుసనుకున్నాను. వాళ్ళేమో చుట్టపుచూపుకి వచ్చిన వాళ్ళలా కూర్చున్నారు — ఒంటరిది, పాపం, అని. దుర్గ చూసిన ఆ చూపు అది. ముగ్గురికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు, వాళ్ళకి తెలుసని.

కోపం వస్తోంది. ఎవరి మీదో తేలడం లేదు. జాలిపడమని నేనడిగానా? అడిగాను. ప్రతి సోమవారం డబ్బా మూత తీసి అడిగాను.

మొదటిసారి కలిసి నవ్విన నవ్వు నిజమే. రెండు సీసాల రైతు కథ రోజు. అదొక్కటైనా నిజమే అనుకుంటాను.

ఆగస్టు 10, ఆదివారం

శ్రీధర్ సార్‌కి రాసి పంపాను. ఇక ఎవరూ బందరు రానక్కర్లేదు. సోమవారం పొద్దున ఎవరి చెరువు గట్టు మీద నుంచి వాళ్ళే ఫోన్లో కలుస్తారు. అందరూ ఒక కాల్‌లో, పది నిమిషాలు. ఇబ్బంది ఉన్నవాళ్ళు ముందు మాట్లాడాలి. రైతు ఫోన్ వస్తే ఆ క్షణమే మా కాల్ వదిలెయ్యాలి, చెప్పాపెట్టకుండా. 'చాలా మంచి ఆలోచన' అని జవాబు వచ్చింది.

నిజంగా మంచిదే. మొదటి రోజే ఇలా పెట్టాల్సింది.

మా వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాను. రఫీ బొటనవేలు. దుర్గ బొటనవేలు. సాంబయ్య గారు చూశారు, ఏమీ పెట్టలేదు.

రాత్రికి బియ్యం ఒక గుప్పెడే కడిగాను, నా ఒక్కదానికి.

ఆగస్టు 11, సోమవారం

మొదటి కాల్. సాంబయ్య గారు కలిశారు. గొంతు మామూలుగానే ఉంది. రఫీ వైపు ఒక చెరువులో నీరు పచ్చబడింది, ఏం చెయ్యాలో సాంబయ్య గారు చెప్పారు. దుర్గ ఐసు పెట్టెలు అందాయంది. ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ఏ లోటూ లేదు. ఇన్నాళ్ళ మీటింగుల్లో పనికొచ్చిందంతా ఆ ఎనిమిది నిమిషాల్లో పట్టింది.

"ఉంటానండీ" — రఫీ. "ఉంటా మేడమ్" — దుర్గ, పక్క గదిలోంచి, ఫోన్లో ఒకసారీ గోడ అవతల నుంచి ఒకసారీ.

తర్వాత గదిలో కుర్చీలు. మధ్యాహ్నం వాటిని గోడ వారకి జరిపాను.

ఆగస్టు 14, గురువారం

వెంకటరత్నం గారు ఇంకా గట్టు ఎక్కనివ్వడం లేదట. మళ్ళీ వచ్చి మాట్లాడనా అని సాంబయ్య గారిని అడిగాను. "వద్దండీ. ఆయనంతట ఆయన పిలవాల" అన్నారు. ఆ పిలుపు వస్తుందో రాదో. నా చేతిలో లేదు. పోగొట్టడం మాత్రం నా చేతిలో ఉండింది.

ఆగస్టు 17, ఆదివారం

ఫాతిమా గారు కింద నుంచి కేకేశారు. "ఈ మధ్య పోపు వాసన రావట్లేదేం సుజాతమ్మా?"

"మీటింగులు ఫోన్లోనే అండీ ఇప్పుడు."

"అయ్యో" అన్నారు. ఆవిడ అయ్యో అనగానే గబగబా లోపలికి వచ్చేశాను. ఇంకాసేపు నిలబడి ఉంటే బాగుండేది. ఏదైనా వండారా అని నేనడిగి ఉండొచ్చు.

ఆగస్టు 18, సోమవారం

కాల్ అయింది. అన్నీ సవ్యంగా. రఫీ మధ్యలో చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు, రైతు ఫోన్. సరిగ్గా అలాగే చెయ్యాలి. మెచ్చుకుంటూ మెసేజ్ పెట్టాను.

ఆగస్టు 25, సోమవారం

కాల్ అయింది. రఫీ ఉంటానన్నాడు. దుర్గ ఉంటానంది. సాంబయ్య గారూ అన్నారు. నేను కట్ చెయ్యబోయి చూస్తే తెర మీద ఇంకా సాంబయ్య గారి పేరుంది.

ఫోన్ జేబులో వేసుకున్నట్టున్నారు, కట్ చెయ్యడం మరిచి. గుడ్డ రాపిడి. చెప్పులు తడి మట్టిలో పడుతున్న చప్పుడు. దూరంగా ఫ్యాన్లు నీళ్ళు కొడుతున్నాయి. ఇంకో రైతు చెరువు అనుకుంటా — "మేత తగ్గించండి బావా, ముసురు పట్టింది" అంటున్నారు. ఆ రైతు ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఎవరో కుక్కని అదిలించారు.

వెంటనే కట్ చెయ్యాలి. వేరేవాళ్ళ మాటలు వినడం తప్పు. తెలుసు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే కూర్చున్నాను. సెల్ మెల్లగా వేడెక్కింది.

ఎంతసేపో. ఒక్కసారి రాపిడి ఆగింది, గొంతు దగ్గరగా వచ్చింది.

"అరె, కట్ అవ్వలేదే... మేడమ్ గారూ? ఉన్నారాండీ?"

దొంగలా దొరికిపోయాను. చెప్పకుండా పెట్టేస్తే సరిపోయేది, సిగ్నల్ పోయిందనుకునేవారు.

"ఉన్నానండీ" అన్నాను.

ఫ్యాన్ల చప్పుడే. తర్వాత, "సరే, ఉండండి అయితే. చెక్‌ట్రే పైకి తీస్తున్నా, రొయ్య మేత తిందో లేదో చూడాల" అన్నారు. మళ్ళీ గుడ్డ రాపిడి. ఫోన్ జేబులోకి వెళ్ళింది. కట్ చెయ్యలేదు.

ఇది జాలే. నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఇంకొకసారి వద్దు అనుకున్నదే మళ్ళీ, సజ్జా పులిహోరా లేకుండా. వచ్చే సోమవారం కాల్ అవ్వగానే నేనే ముందు పెట్టేయాలి. ఆయన పనికి అడ్డం వస్తున్నానా? రావడం లేదు, చేతులు ఖాళీగానే ఉన్నాయి ఆయనకి. ఎవరైనా రైతు చేస్తే? చేస్తే మోగుతుంది, వినపడుతుంది... ఇలా ఎన్నైనా చెప్పుకుంటాను నేను.

దుర్గ తలుపు దగ్గరికొచ్చి, ఫోన్లో ఎవరు అన్నట్టు కళ్ళెగరేసింది. చెయ్యి ఊపి పంపించేశాను. అవతల నీళ్ళలోంచి ఏదో పైకి తీస్తున్నారు.